సోఫా మేస్త్రీకి పైన ఎవరున్నారు

సోఫా మేస్త్రీతో మాట్లాడాలంటే కాస్త ఓపిక ఉండాలి. ఆయన నోట్లో ఎప్పుడూ మేకులుంటాయి. నల్లటి పొట్టి మేకులు గుప్పెడు తీసి బుగ్గన వేసుకుంటాడు. ఒక్కోదాన్నీ నాలుకతో పెదవుల మధ్యకి తోసి, అయస్కాంతం మొన ఉన్న సుత్తితో అందుకుని, ఠక్కున చెక్కలోకి దింపుతాడు. కొత్తవాళ్లు చూస్తే హడలిపోతారు. "మింగేస్తారేమోనండీ!" అని ఎవరన్నా అంటే తల అడ్డంగా ఊపుతాడు, అంతే. నోరు తెరిచి జవాబు చెప్పాలంటే మేకులన్నీ చేతిలోకి ఉమ్మాలి, పని ఆగిపోతుంది. అందుకని ఆయన మాటకారి కాదని ఆ వీధిలో పేరు పడిపోయింది. మేకులు అయిపోయాక ఒక్కసారి పక్కన కూర్చుని వింటే ఆ మాట ఎవరూ అనరు.

దుకాణం రెండు గదులు. ముందు గదిలో గుడ్డ ఒలిచేసిన సోఫాలు, కాళ్లు పైకెత్తి పడుకున్న కుర్చీలు. వెనక గదిలో స్పాంజి దిమ్మలు, పీచు మూటలు, నవారు చుట్టలు, రంగురంగుల గుడ్డముక్కల గుట్ట. ఎవరి సోఫా విప్పినా సందుల్లో ఏదో ఒకటి బయటపడుతుంది. దువ్వెన, చెవిదుద్దు, పెన్ను మూత, ఒకసారైతే ఎవరి బిడ్డదో పాలపన్ను. వాటన్నిటినీ ఒక కవరులో వేసి సోఫాతో పాటు తిరిగి ఇచ్చేస్తాడు. ఏనాడో పోయిందనుకున్న ఉంగరం ఇలాగే దొరికితే ఒకావిడ ఆయన చేతులు పట్టుకుని భోరుమంది. పాపం, మేకుల నోటితో ఓదార్చలేక ఆయన "ఊఁ ఊఁ" అంటూ నిలబడ్డాడు.

ఆయన ఎవరి బిడ్డో ఎవరికీ తెలీదు. అనాథాశ్రమం గుమ్మంలో దొరికాడు, అక్కడే పెరిగాడు, అక్కడ కుర్చీలు బాగుచేయడానికి వచ్చే ముసలాయన దగ్గర పని నేర్చుకున్నాడు. అమ్మానాన్నల సంగతి ఎవరన్నా కదిపితే, "నేను కూడా సోఫా సందులో దొరికినవాణ్ణేనండీ. మాదని ఎవరూ రాలేదు, ఆశ్రమం వాళ్లు ఉంచేసుకున్నారు," అని నవ్వేసేవాడు. అడిగినవాళ్లే ఏం చెయ్యాలో తోచక నేల చూపులు చూసేవారు.

ముప్పై దాటినా పెళ్లి ఊసెత్తని ఆ మనిషిని ఒక ఇంటివాణ్ణి చేసింది ఓ పాత వాలుకుర్చీ.

ఒక లిఫ్టు మెకానిక్ పెళ్లైన రెండేళ్లకే గుండె ఆగి పోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురు ఆడవాళ్లు: అతని తల్లి, అతని భార్య, అప్పుడే అడుగులేస్తున్న కూతురు. తల్లికి ఒక్కడే కొడుకు. భర్త అంతకు ముందే పోయాడు. కొడుకు రోజూ సాయంత్రం వచ్చి కూలబడే వాలుకుర్చీలో స్ప్రింగులు తెగిపోయాయని కోడలు సోఫా మేస్త్రీకి కబురు పెట్టింది. ఆయన వచ్చి కుర్చీ ఎత్తుకుపోబోతే పెద్దావిడ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నా కొడుకు కూర్చున్న కుర్చీ ఈ గడప దాటడానికి వీల్లేదు. చేస్తే ఇక్కడే చెయ్యి."

"సరేనండి, ఇక్కడే చేస్తాను."

"ఆ గుంట కూడా పోకూడదు."

గుంట అంటే, ఏళ్ల తరబడి ఒకే మనిషి కూర్చోబట్టి మెత్తలో పడిపోయిన పల్లం. ఏ మేస్త్రీ అయినా ముందు సరిచేసేది దాన్నే. పల్లం ఉంటే పని చేతకాలేదంటారు. ఈయన మాత్రం వాదించలేదు. మూడు నాలుగు సాయంత్రాలు వచ్చి, ఆ హాల్లోనే నేలమీద కూర్చుని, పాత పీచు ఒక్క పోగు కూడా చెదరకుండా మొత్తం దిండుని రొట్టెలా ఎత్తి పక్కన పెట్టి, కింద స్ప్రింగులు మార్చి, నవారు బిగించి, దిండుని మళ్లీ అలాగే దింపాడు. పైన కొత్త గుడ్డ వేసినా గుంట గుంటగానే ఉంది. పెద్దావిడ తడిమి చూసుకుని, లోపలికి వెళ్లి తలుపేసుకుంది. కోడలు ఈయన వంక చూసింది. ఆ చూపు దగ్గరే సంగతంతా మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంటివాళ్లు మార్మన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు. ఆ సంఘంలో టీ, కాఫీ ముట్టరు. అది ఒకటే తెలుసు వీధిలో వాళ్లకి. అసలు సంగతి వేరే ఉంది. "చావు మమ్మల్ని వేరుచేసేదాకా" అని వాళ్లు పెళ్లాడరు. తమ ఆలయానికి వెళ్లి, బంధన అనే విధి జరిపించుకుంటారు. అలా బంధన జరిగిన భార్యాభర్తలు, వాళ్ల పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు చనిపోయాక కూడా ఒకే కుటుంబంగా ఉంటారని వాళ్ల నమ్మకం. బతికుండగా కుదరనివాళ్ల తరఫున, వాళ్లు పోయాక, బతికున్నవాళ్లు ఆలయంలో వాళ్ల స్థానంలో కూర్చుని ఆ విధి జరిపిస్తారు. ఒప్పుకోవాలో వద్దో అవతల ఉన్నవాళ్ల ఇష్టం. నమ్మేవాళ్లకి అది ఎంత ధైర్యమో, కడుపుకోత పడ్డ ఆ పెద్దావిడని చూస్తే తెలిసేది. "నా కొడుకు ఎక్కడికీ పోలేదు, ముందు వెళ్లాడంతే. పెళ్లాం, పిల్ల వెనకాల వస్తారు," అనేది. ఆ ఒక్క మాట పట్టుకునే ఆవిడ లేచి తిరుగుతోంది.

మేస్త్రీ, ఆ కోడలు పెళ్లి చేసుకోవాలనుకున్నప్పుడు బిషప్పు ఆయన్ని పిలిపించాడు. బిషప్పు అంటే పెద్ద టోపీ, పొడుగు అంగీ అనుకోకండి. వాళ్లలో ఆ పని జీతం లేని పని. ఈ బిషప్పు వారమంతా కళ్లద్దాలు అమ్ముకుంటాడు, ఆదివారం సంఘాన్ని చూసుకుంటాడు. ఆయన తన కొట్లోనే స్టూలు వేసి కూర్చోబెట్టి కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

"ఆవిడకి అతనితో బంధన అయిపోయింది. మీ పెళ్లి ఈ లోకం వరకే. మీకు పుట్టే పిల్లలు కూడా అక్కడ ఆ బంధనలోకే వస్తారు. ఇది తెలిసి చేసుకోవాలి మీరు."

"ఇక్కడ పెంచడం ఎవరి పనండీ?"

"మీదే."

"అయితే సరేనండి."

బిషప్పు ఆ జవాబుకి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంకో ఏడాదికి మేస్త్రీ కూడా ఆ సంఘంలో చేరాడు. రోజుకి ఎన్ని టీలు తాగేవాడో లెక్కలేని మనిషి ఒక్కసారిగా మానేశాడు. పక్క కొట్టువాళ్లు "ఏ మంత్రం వేసిందయ్యా ఆవిడ నీమీద" అని ఏడిపించేవారు. నన్నడిగితే మనిషి టీ మానేశాడంటే ఆ ప్రేమని ఇక తూకం వేయక్కర్లేదు.

పెళ్లయ్యాక ఆయన ఆ ఇంట్లోకే మారాడు. పెద్దావిడని వదిలి రాలేనని భార్య అంటే, "రమ్మన్నదెవరు? నేనే వస్తాను," అన్నాడు. తీరా వచ్చాక ఆవిణ్ణి ఏమని పిలవాలో తెలియలేదు. తోడల్లుడి దగ్గర్నుంచి వియ్యపురాలి దాకా ప్రతి చుట్టరికానికీ ఒక పేరున్న భాష మనది. భార్య మొదటి మొగుడి తల్లికి మాత్రం పేరు లేదు. చివరికి "పెద్దమ్మగారూ" అని సర్దుకున్నాడు. ఆవిడ మాత్రం ఆయన్ని "మేస్త్రీ" అనే పిలిచింది, ఇంట్లో పని ఇంకా పూర్తికానట్టు.

పెద్దావిడ చెడ్డది కాదు, కానీ నోటికి పదునెక్కువ. ఈయన ఏం చేసినా ఆవిడకి కొడుకు గుర్తుకొచ్చేవాడు. బల్బు మారిస్తే, "మా వాడైతే నిచ్చెన లేకుండానే మార్చేవాడు." పాపని బడికి దింపి వస్తే, "మా వాడైతే ఇంకో పది నిమిషాల ముందే దింపేవాడు." అతను బతికున్నప్పుడు పాపకి నడకే సరిగ్గా రాదని, బడి ఎక్కడిదని ఎవరూ అనలేదు. మేస్త్రీ అసలే అనలేదు. "ఔనండి, ఆయన చెయ్యి వేరు," అని ఒప్పేసుకునేవాడు. ఒప్పేసుకుంటే ఇక పోట్లాట ఎక్కడ జరుగుతుంది?

వాళ్లకి ఒక కొడుకు పుట్టాడు. అక్కా తమ్ముళ్లిద్దరూ మేస్త్రీనే నాన్న అన్నారు. పెద్దావిడని నానమ్మ అన్నారు. ఇల్లు బాగానే గడుస్తోంది. అలాంటప్పుడు సంఘంలో పిల్లలకి ఆదివారం పాఠం చెప్పే టీచరమ్మ ఒక పని చేసింది. అలాంటి పొరపాటు ఆ సంఘంలో తప్ప లోకంలో ఇంకెక్కడా జరగదు.

ఆ అమ్మాయి మంచిదే, ఉత్సాహం మరీ ఎక్కువ. ప్రతి పిల్లాడికీ ఒక అట్ట మీద చెట్టు బొమ్మ గీసి, "పరలోకంలో నా కుటుంబం" అని పైన రాసి, ఫొటోలు అంటించి, తల్లిదండ్రులంతా చూడటానికి వచ్చే రోజున గోడకి వరసగా పెట్టింది. మేస్త్రీ కొడుకు చెట్టు దగ్గరికి వచ్చేసరికి సంఘం పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు చూసింది. బంధన ప్రకారం పిల్లాడి తండ్రి లిఫ్టు మెకానిక్. పెద్దావిణ్ణి ఫొటో అడిగితే ఆవిడ పొంగిపోయి ఇచ్చింది. పిల్లాడి పేరు పైన, తండ్రి అని, వాడు పుట్టకముందే పోయిన మనిషి ఫొటో. పక్కన తల్లి, అక్క, నానమ్మ, తాత. మేస్త్రీ ఎక్కడా లేడు. టీచరమ్మ తప్పు రాసిందా అంటే అక్షరం కూడా తప్పు లేదు. అదే కష్టం.

సంఘమంతా ఆ గోడ ముందు నిలబడి ఉంది. పిల్లాడు ఫొటోల్లో వెతికి వెతికి, "నాన్నా, నువ్వెక్కడ?" అన్నాడు.

మేస్త్రీ వంగి అట్టని తీరిగ్గా చూశాడు. "నేను అందులో ఉంటే ఎట్లారా? ఇంతమంది చెట్టు కింద కూర్చోవాలంటే సోఫాలు కావొద్దూ? నేను దుకాణంలో ఉన్నాను."

అందరూ నవ్వారు. పిల్లాడు నవ్వాడు. టీచరమ్మకి అప్పుడే చేసిన పని అర్థమై ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. నవ్వనిది ఒక్క భార్యే. ఇంటికి వచ్చి వంటింట్లోకి వెళ్లాక అగ్గిమీద గుగ్గిలమైంది.

"రేపు బిషప్పు దగ్గరికి వెళ్తున్నాను. ఆ పాత బంధన రద్దు చేయమని పై పెద్దల్ని అడగొచ్చట, కనుక్కున్నాను. రద్దయ్యాక మనిద్దరం ఆలయానికి పోదాం. ఇక నాకు చేతకాదు ఈ భాగోతం."

మేస్త్రీకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. గుమ్మంలో దొరికిన నాటి నుంచీ ఆయనకి ఎవరితోనూ విడదీయరాని చుట్టరికం లేదు. ఇప్పుడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఆవిడే ఇస్తానంటోంది. ఆయన లేచి దుకాణానికి వెళ్లాడు. ఎవరిదో కుర్చీకి స్ప్రింగులు కట్టడం మొదలుపెట్టి, తాడు వేసిన చోటే మళ్లీ వేసి, విప్పి, మళ్లీ వేసి, పొద్దు వాలేదాకా అదే కుర్చీతో తంటాలుపడ్డాడు. తిరిగి వచ్చేసరికి భార్య వంటింట్లోనే ఉంది.

"వద్దు," అన్నాడు.

"ఏం? అత్తయ్య ఏడుస్తుందనా?"

"ఏడుస్తుంది. అది ఒకటి. ఇంకోటి ఉంది. చచ్చిపోవడం తప్ప ఆయన నీకు చేసిన అన్యాయం ఏముంది చెప్పు? రెండేళ్లు నిన్ను బాగా చూసుకున్నాడు. వెళ్లిపోయాడు. అక్కడ కూర్చుని నీకోసం, పాప కోసం చూస్తున్నాడని మీరంతా చెప్తేనే నేనూ నమ్మాను. అలా చూసేవాడికి, నీ భార్య మనసు మార్చుకుందని ఎవరు పోయి చెప్తారు?"

"మరి మీకెవరున్నారు అక్కడ?"

"ఎవరూ లేకపోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. ఆయన తల్లి ఒళ్లో పెరిగినవాడు. ఆయనకి అలవాటు లేదు."

ఆవిడ పొయ్యి మీది గిన్నె దించి, "మనమంతా పోయాక పిల్లలు మీ తరఫున కూడా నాతో బంధన జరిపించొచ్చట. అప్పుడు ఇద్దరిలో ఎవరితో ఉంటానో అక్కడ నేనే తేల్చుకోవాలట," అంది.

"అదే నాకు నచ్చనిది. నిన్ను ఇద్దరి మధ్యన నిలబెట్టి ఎటు పోతావని అడగడమేంటి? నువ్వు నాతో ఇక్కడ ఉన్నావు. అది చాలా ఎక్కువే."

ఇలాంటి మాట అనగలిగిన మనుషులు ఎంతమంది ఉంటారో నాకు తెలీదు. అని, దాని మీద నిలబడ్డవాళ్లు ఇంకా తక్కువ. ఆయన ఆ తర్వాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు, మొహం మాడ్చుకోలేదు, త్యాగం చేసినవాడిలా తల వంచుకుని తిరగలేదు. ఆదివారాలు సంఘం కుర్చీల మెత్తలు ఊడితే ఒట్టినే కుట్టిపెట్టాడు. టీచరమ్మ చాలా రోజులు ఈయన ఎదురుపడితే పక్కదారి పట్టేది. ఆవిడ ఇంటి సోఫా పాడైతే ముందు దానికే పని మొదలుపెట్టి, ఆ అమ్మాయి సిగ్గు కూడా పోగొట్టాడు.

పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కూతురికి ఆలయంలో పెళ్లయింది. కొడుక్కి ఇరవై దాటాయి, తండ్రికి మించిన పొడుగు. పెద్దావిడ ఒకనాడు స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ మేస్త్రీయే ఆవిణ్ణి మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి ఎత్తేవాడు. మామూలు కుర్చీలోంచి లేవలేకపోతోందని, ఎత్తు పెంచి, చేతులు ముందుకు పొడిగించి, తుంటికి ఒత్తిడి తగలకుండా ఆ వైపు మెత్త తగ్గించి, కొత్త కుర్చీ ఒకటి ప్రత్యేకంగా చేశాడు. మూడుసార్లు విప్పి కుట్టాడు. పెద్దావిడ కూర్చుని, అటూ ఇటూ కదిలి, "మా వాడైతే ఇంకాస్త మెత్తగా కుట్టేవాడు," అంది.

వాళ్ల వాడు లిఫ్టు మెకానిక్. జన్మలో సూదిలో దారం ఎక్కించి ఎరగడు.

మేస్త్రీ ఎప్పట్లాగే "ఔనండి" అని దుకాణానికి వెళ్లిపోయాడు. భార్య మాత్రం ఆ రోజు ఆగలేకపోయింది. అన్నేళ్లు కడుపులో పెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వచ్చేసింది.

"మీ వాడు, మీ వాడు అంటావు అత్తయ్యా. మీ వాడికి అక్కడ పెళ్లాం ఇంకా ఉందంటే ఎవరి పుణ్యమో తెలుసా? ఆ అట్ట గోడకెక్కిన రోజే నేను తెంచేసుకుందామనుకున్నాను. వద్దన్నది ఈయన. నీ కొడుకు ఒంటరివాడైపోతాడని, తనే ఒంటరిగా ఉంటానన్నాడు. ఇప్పుడు చెప్పు, ఎవరు మెత్తగా కుట్టారో!"

పెద్దావిడ ముఖంలో రంగు పోయింది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో "మా వాడైతే" వినపడక మనవడికే భయం వేసింది. వారం తిరిగాక మేస్త్రీని పిలిచి, "కళ్లు సరిగ్గా కనపడటం లేదు, బిషప్పు కొట్టుకి తీసుకెళ్లు," అంది.

ఆయన చక్రాల కుర్చీలో తోసుకుంటూ తీసుకెళ్లాడు. పెద్దావిడ లోపలికి వెళ్లి తలుపేయించుకుంది. ఈయన బయట అద్దాల బీరువా ముందు కూర్చుని, శుక్లాలేమో, ఆపరేషన్ అంటారేమో, ఈ వయసులో తట్టుకుంటుందా అని బెంగపడ్డాడు. ఎంతకీ బయటికి రారు. వచ్చేసరికి బిషప్పు కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెద్దావిడ చేతిలో కళ్లద్దాలు లేవు.

"ఏమన్నారండీ? ఆపరేషనా?" అన్నాడు మేస్త్రీ.

బిషప్పు ఆయన్ని పక్కకి తీసుకెళ్లాడు. "ఆవిడ వచ్చింది కళ్ల కోసం కాదు. మిమ్మల్ని ఆలయంలో తన కొడుకుగా, తన భర్త కొడుకుగా బంధన చేయించమంటోంది. కన్నవాళ్లెవరో తెలియని వాళ్లని పెంచినవాళ్లతో బంధించడం ఉంది. కానీ అది చిన్నప్పట్నుంచీ పెంచినవాళ్లకి. మీ విషయంలో పై పెద్దలు ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. అడిగి చూస్తాను."

"నాకు యాభై దాటాయండీ."

"ఆవిడకి ఎనభై దాటాయి. తల్లి అవడానికి ఆ తేడా సరిపోతుంది," అన్నాడు బిషప్పు.

ఇంటిదారిలో ఆయన కుర్చీ తోస్తున్నాడు. సగం దారిలో పెద్దావిడే అందుకుంది.

"నా కొడుకు కోసం ఆశ వదులుకోమని నీకెవరు చెప్పారు మేస్త్రీ?"

"ఎవరూ చెప్పలేదండి."

"మరి ఎందుకు చేశావు? బయటివాళ్లు అలా చెయ్యరు. తోడబుట్టినవాళ్లు చేస్తారు. అన్న కోసం తమ్ముడు చేస్తాడు. ఆ లెక్కన నువ్వు నా కడుపున పుట్టాల్సినవాడివే, ఎక్కడో దారి తప్పావు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ముందు వెళ్లేది నేనే కదా. వెళ్లగానే వాళ్ల నాన్నకి, వాడికి చెప్తాను. మనవాడు ఇంకొకడు వెనకాల ఉన్నాడని."

మేస్త్రీ కుర్చీ ఆపి, రోడ్డు పక్కన నిలబడి, చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. "దుమ్ము," అన్నాడు. "ఔను, దుమ్మే," అంది పెద్దావిడ.

పై పెద్దల నుంచి జవాబు తొందరగా రాలేదు. ముందు కన్నవాళ్ల కోసం గట్టిగా వెతకమన్నారు. ఆశ్రమంలో అడిగారు, పాత పుస్తకాలు తిరగేశారు, ఏమీ దొరకలేదు. ఆ సంగతి చెప్పి పై పెద్దల్ని ఇంకోసారి అడిగారు. ఎదురుచూస్తూ ఎదురుచూస్తూనే పెద్దావిడ ఒక ఉదయం నిద్రలోనే పోయింది. ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది మేస్త్రీయే. శవపెట్టె లోపలి మెత్త వేరేవాళ్ల చేత కుట్టించనివ్వలేదు. తనే దుకాణంలో కూర్చుని, ఉన్నవాటిలోకెల్లా మంచి దూది ఏరి, కుట్టు బయటికి కనపడకుండా, చేత్తో నొక్కి నొక్కి చూసుకుంటూ కుట్టాడు. అంత మెత్తని పని తన జీవితంలో చెయ్యలేదని తర్వాత ఒప్పుకున్నాడు.

జవాబు ఆ తర్వాత వచ్చింది. సరేనన్నారు.

ఆలయం చాలా దూరం, బస్సులో పగలంతా ప్రయాణం. మేస్త్రీ, భార్య, కూతురు, కొడుకు, బిషప్పు బయల్దేరారు. దారిలో మేస్త్రీ కిటికీలోంచి బయటికి చూస్తూ, ఉన్నట్టుండి పకపకా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏమైందండీ?" అంది భార్య.

"ఏం లేదు. ఆయన నాకు అన్న అయిపోతే, రేపట్నుంచి నువ్వు పైన నాకు వదినవి."

"నోరు మూసుకోండి! బిషప్పుగారు వింటారు," అని ఆవిడ తొడ మీద గిల్లింది. బిషప్పు విన్నాడు. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు గానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. ఈ చుట్టరికాలన్నీ అక్కడ ఎలా సర్దుతారో నాకు తెలీదు, బిషప్పుకీ తెలీదు. దేవుడు సర్దుతాడని వాళ్ల ధీమా.

ఆలయంలో అందరికీ తెల్లబట్టలు ఇచ్చారు. బంధన జరిగే గది చిన్నది. ఎదురెదురు గోడలకి పెద్ద అద్దాలు. వాటి మధ్య నిలబడితే మనుషులు ఒకరి వెనక ఒకరుగా చివర కనపడకుండా పోతారు. గది మధ్యలో మోకాళ్ల మీద కూర్చోవడానికి చుట్టూ మెత్త కుట్టిన బల్ల. మేస్త్రీ కూర్చోబోతూ అలవాటు కొద్దీ దాని అంచు వేలితో నొక్కి, కుట్టు తడిమి, మెచ్చుకోలుగా తల ఊపాడు. భార్య కళ్లతోనే గదిమింది.

అప్పుడు బిషప్పు ఒక మాట చెప్పాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయినవాళ్లే కాబట్టి, వాళ్ల స్థానంలో ఎవరో ఇద్దరు కూర్చోవాలి. తాత స్థానంలో మేస్త్రీ కొడుకు కూర్చున్నాడు. నానమ్మ స్థానంలో కూతురు కూర్చుంది. బల్లకి అటు ఒకరు, ఇటు ఒకరు. తను ఎత్తుకుని పెంచిన పిల్లలిద్దరూ తనకి తండ్రి, తల్లి అయి ఎదురుగా ఉన్నారు. వాళ్లిద్దరూ బల్ల మీద చేతులు కలిపారు. నువ్వూ చెయ్యి వెయ్యమన్నారు. సుత్తి పట్టి పట్టి కాయలు కాసిన ఆ చెయ్యిని తెల్ల చొక్కాకి తుడుచుకున్నాడు మేస్త్రీ. దాన్ని తన పిల్లల చేతుల మీద పెట్టాడు. కూతురు తన రెండో చేత్తో దాన్ని గట్టిగా అదిమి పట్టుకుంది.

విధి జరిపే పెద్దాయన నెమ్మదిగా మాటలు చదివాడు. ఎంతోసేపు పట్టలేదు. పిల్లలిద్దరి ముఖాలూ కన్నీళ్లతో తడిసిపోయాయి. కొడుకు లేచాడు, కూతురు లేచింది. మేస్త్రీ మోకాళ్ల మీద అలాగే ఉండిపోయాడు.

భార్య వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "లేవండి. అయిపోయింది."

"ఉండు," అన్నాడు ఆయన. "ఇప్పుడే కదా కొడుకునయ్యాను. కాసేపు ఉండనీ."